మూడు దీపాలు

కౌంటీ భవనం రెండో అంతస్తులో
మైకు పక్కన మూడు దీపాలుంటాయి.
పచ్చది వెలిగితే మాట్లాడాలి.
పసుపుది వెలిగితే ముగించాలి.
ఎర్రది వెలిగితే
ఏ మాట దగ్గరుంటే ఆ మాట దగ్గరే ఆగిపోవాలి.
నేను వాటి పక్కన కూర్చుని
సమావేశాల పుస్తకం రాసే గుమాస్తాని.

గిడ్డంగి కంపెనీ వకీలుకి దీపాల్లేవు.
నలభై నిమిషాలు తెర మీద బొమ్మలు చూపించాడు:
పైకెక్కే గీతలు, నవ్వే కూలీలు,
ఒహాయోలో ఏ ఫిబ్రవరీ చూడనంత నీలం ఆకాశం.
పదిహేనేళ్ళు ఆస్తి పన్ను వద్దన్నాడు.
మాఫీ అనలేదు, ప్రోత్సాహం అన్నాడు.
వెనక వరుసలో వెర్నా కోస్టెల్కా
ఆ మాటని పెదాలు కదిపి ఒకసారి పలికి చూసుకుంది,
కొత్త మందు పేరు పలికినట్టు.

ఆమె వంతు తొమ్మిదింబావుకి వచ్చింది.
పద్నాలుగో నంబరు స్కూలు బస్సు డ్రైవరు.
కోటు విప్పలేదు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"నేను వంతెన గురించి వచ్చాను.
టానర్ వాగు మీద అయిదు టన్నులే అని బోర్డు పెట్టి రెండేళ్ళయింది.
నా బస్సు ఖాళీగానే పది దాటుతుంది.
పదకొండు మైళ్ళు చుట్టూ తిరుగుతున్నా.
చివరింటి ఎజ్రాకి ఆరేళ్ళు,
ఆరు కాకముందే చీకట్లో టార్చి పట్టుకుని నిలబడతాడు.
వంతెనకి డబ్బుల్లేవన్నారు. నమ్మాను.
లారీల కోసం కొత్త రోడ్డు వేసవిలోనే వేశారు. అదీ చూశాను.

ఇదిగో నా ఇంటి పన్ను రసీదు.
రెండు గదుల ఇల్లు, పంతొమ్మిది వందల నలభై డాలర్లు.
తొమ్మిది రోజులు ఆలస్యమైతే జరిమానా వేశారు.
ప్రోత్సాహం అన్న మాట
దీన్లో ఎటు తిప్పినా కనపడలేదు."

పసుపు.
ఒక సభ్యుడు ఫోను బోర్లించాడు, మళ్ళీ తిప్పాడు.

"పన్నంటే నాకు కోపం లేదు.
మంచు తీసే బండి మా సందులోకి వచ్చినప్పుడల్లా
మా నాన్న కిటికీ దగ్గర నిలబడి
'అదుగో, మన డబ్బు ఇంటికొచ్చింది' అనేవాడు.
వాళ్ళకి మీరు వదిలేసింది ఎక్కడికీ పోదు,
దాన్ని ఇంకెవరో ఒకరు..."

ఎర్రది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడగడానికి ఒకరికి నలభై, ఒకరికి మూడు.
అయిదుకి రెండు ఓట్లతో ప్రోత్సాహం నెగ్గింది.
పుస్తకంలో నేను రాసింది ఇంతే:
'ఒక పౌరురాలు వంతెన విషయం ప్రస్తావించారు.'
రాశాక కలం మూత పెట్టడానికి
చాలాసేపు పట్టింది.

తెల్లారి కొత్త రోడ్డు మీద
పద్నాలుగో నంబరు వెనక ఇరుక్కున్నాను.
నా వెనక గిడ్డంగి లారీ, దాని వెనక ఇంకోటి, ఇంకోటి.
బస్సు నెత్తిన పసుపు దీపాలు వెలిగాయి.
ఆ తర్వాత ఎర్రవి.
ఇక్కడ చట్టం ఒకటుంది, దీనికి మినహాయింపు ఎవరూ రాయించుకోలేదు:
అన్నీ ఆగాయి.

ఎజ్రా మొదటి మెట్టు మీద కాలు పెట్టి
బూటు లేసు ఊడిందని చూసుకుని
కూర్చున్నాడు కట్టుకోవడానికి.
లారీవాడు హారన్ కొట్టాడు.
పెద్ద అద్దంలో వెర్నా మొహం కనపడింది.
ముడి ఒకసారి జారింది.
వాడు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.