కుడివైపు మనిషి

కోఠీ హాస్టల్లో నా మంచం కింద,
గోనెసంచిలో, ఒక సగం మనిషి.
పుర్రె, దారానికి గుచ్చిన వెన్నుపూసలు,
కుడి పక్కటెముకలు, ఒక కుడి చెయ్యి, ఒక కుడి కాలు.
సెకండియర్‌కి పోతూ హేమనళిని అక్క అమ్మింది.
పద్దెనిమిది వేలు. బేరం లేదు.
"పాత బొక్కలు పిల్లా, గట్టిగుంటయ్" అంది,
గోరుతో కొట్టి మోగించి,
ఇత్తడి బిందె అమ్మినట్టు.

ఎడమ సగం ఏదని అడిగాను.
గాంధీలో ఎవరో కొనుక్కున్నారట, ఎప్పుడో.
కోఠీలో ఒక కాలు, పద్మారావునగర్‌లో ఒక కాలు,
నడుమ ఇంత ట్రాఫిక్.

జహీరాబాద్ బడిలో ఏడో తరగతిలో
బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు అని
గొంతెత్తి బట్టీ పట్టేవాళ్ళం.
మడతబందు అన్నప్పుడల్లా సారు
తలుపు దగ్గరికి పోయి తెరిచీ మూసీ చూపించేవాడు,
అది కిర్రుమనేది, మేం నవ్వేవాళ్ళం.
ఇక్కడ వాటికి వేరే పేర్లున్నాయి.
నా మోచేతిని నేను గుర్తుపట్టడానికి
వారం పట్టింది.

రాత్రి పదకొండుకు నౌషీన్
కళ్ళు మూసుకొని అరచెయ్యి చాపుతుంది.
మణికట్టు ఎముకలు ఎనిమిదీ
ఒక్కొక్కటే పెడతాను.
పడవలాంటిది చెప్పేస్తుంది.
బఠాణీ గింజంతది చెప్పేస్తుంది.
నెలవంకలాంటిది వేళ్ళకు తగలగానే
"చాంద్ ముబారక్" అంటుంది, కళ్ళు తెరవకుండానే.
మోకాటి చిప్ప మాత్రం ఎప్పుడూ దొర్లిపోయి
మంచాల కింద వెతికిస్తుంది.
బతికున్నప్పుడూ అది ఏ ఎముకకూ అతుక్కోలేదు,
కండర తాడులోనే ఊగింది.

పిక్క ఎముక కింది అంచున,
ముందువైపు,
చిటికెనవేలి గోరంత నున్నటి చోటు.
పుస్తకం బొమ్మలో లేదు.
ట్యూటర్ అద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు.
"గొంతుక్కూచునే వాళ్ళకు వస్తది.
ఏండ్ల తరబడి కూచుంటే
చీలమండ ఎముక పైకొచ్చి ఒరుసుకుని
తనకింత జాగా చేసుకుంటది."
తుంటి ఎముకను తిప్పి
గాడిలో బొటనవేలు ఆడించి,
"ఆడమనిషే" అన్నాడు.
"పరీక్షలో అడగరు. ముందుకు పో."

ముందుకు పోలేదు నేను.
నాట్లేస్తూ కూచుందా,
గిన్నెలు తోముతూ కూచుందా,
గాజుల కొలిమి ముందా, ఇటుక బట్టీలోనా,
లేక ఊరికే, గడప బయట,
ఎవరూ లోపలికి రమ్మనక?
ఎముక అంతవరకు చెప్పదు.
కూచుంది, అని మాత్రం చెప్తుంది.

బడీచౌడీ మార్కెట్‌లో
పుదీనా కట్టలు కడుతూ నర్సవ్వ.
ఆమె ముందు నేనూ గొంతుక్కూచున్నాను.
రెండు నిమిషాలకే మడమలు లేచాయి,
మోకాళ్ళు టపటపలాడాయి.
"మడిమెలు ఆనియ్యి బిడ్డా,
కోడి తీరు ఏంది ఆ కూచునుడు" అని నవ్వింది.
లేవబోతూ నా భుజం మీద చెయ్యేసి బరువంతా వాల్చింది.
అక్కడున్న ఎముక పేరు
పొద్దున్నే అప్పజెప్పాను.
గుర్తు రాలేదు.

వైవాలో బయటి ఎగ్జామినర్
పిక్క ఎముక చేతికిచ్చి "ఏ వైపు?" అన్నాడు.
కుడి, సార్.
"ఎట్ల తెలుసు?"
లోపలి చీలమండ బొడిపె చూపించాను,
ముందు అంచు చూపించాను.
అక్కడే వేలు ఒక్క క్షణం ఎక్కువ ఆగింది.
ఆయన తర్వాతి ఎముక తీశాడు.

ఇప్పుడు రాత్రిళ్ళు మంచం దిగి
మడమలు ఆనించి కూచుని చదువుతాను.
పదిహేను నిమిషాలు, తర్వాత తిమ్మిర్లు.
నౌషీన్ నవ్వుతుంది,
"బొక్క మీద సంతకం పెట్టుకుంటున్నవా?"

జూనియర్లు అప్పుడే అడుగుతున్నారు సంచి గురించి.
పద్దెనిమిది వేలే చెప్తాను. బేరం లేదు.
అడగకున్నా ఒక్కటి చూపిస్తాను,
దీపం కింద, కొంచెం వాల్చి పట్టుకుని,
గోరంత చోటు.