గోడకవతల

చేట్‌పట్టులో కూవం ఒడ్డున ఉండిన
తోట బంగళాకి దస్తావేజులు మీ దగ్గరుంటాయి.
మా వంశానికి దక్కింది ఒక బెజ్జం.

గోడలో బెజ్జం, బెజ్జంలోంచి తాడు,
తాడు కొస మా ముత్తాత చెంగయ్య కాలి బొటనవేలికి.
వరండాలో వెల్లకిలా పడుకుని లాగేవాడు.
లోపల పంకా ఊగేది.
లోపలేముందో ఆయనెరగడు.

దొరకి రాత్రుళ్లు దగ్గు.
దొరసాని పియానో ఎప్పుడూ ఒక్కచోటే తడబడేది.
వాళ్లు ఓడెక్కాక
కొండవరం జమీందారు కొన్నాడని
ముందు అత్తరు చెప్పింది, తర్వాత మనుషులు.
అప్పులవాళ్ల గొంతులూ అందులోంచే విన్నాడు.
కరెంటొచ్చాక ఆ తాడు ఇంటికి తెచ్చి
మా తాతకి ఉయ్యాల కట్టాడు.

డెబ్బై నాలుగులో బంగళా కూల్చే కూలికి
ఆ తాతే వెళ్లాడు, మునిరత్నం.
గుడ్డుసొన కలిపి నూరిన సున్నం,
గునపం జారిపోయేదట.
టేకు దూలాలు లారీలెక్కాయి.
మూడోనాడు ఆ గోడకి ఇవతలి నుంచి కాక
లోపల్నుంచి ఎదురుపడ్డాడు.
బెజ్జం చుట్టూ ఇత్తడి పువ్వు!
ఎనిమిది రేకులు.
"మా నాయన వేలికి ఇంత సింగారమా"
అన్నాడట మేస్త్రీతో.
ఆ పూట గునపం వేరేవాడు వేశాడు.

ఇప్పుడక్కడ పద్నాలుగు అంతస్తులు.
నేను ఏసీలు బిగిస్తాను.
తొమ్మిదో అంతస్తులో పడగ్గది గోడకి
డ్రిల్లు అవతలికి తేలగానే
కన్నానించి చూశాను:
ఎండ, కూవం కంపు,
తాడు కట్టుకోడానికి ఎవరూ లేరు.

"బెజ్జం కనపడకూడదు" అందావిడ.
సంచీలో వెతికాను,
తెల్ల ప్లాస్టిక్ మూత దొరికింది.