నీలం రాని రాత్రి

గింపీలో మూడోరోజు ముసురు.
కౌన్సిల్ ఆఫీసు రేకుల మీద
ఎవరో ఆపకుండా మినుములు చెరుగుతున్న చప్పుడు.
రాత్రి పదకొండుంపావుకి మ్యాప్ తెరిచాను.
వీధులొచ్చాయి. ఇళ్ల కప్పులొచ్చాయి.
రైలు పట్టాలు, బడి, గొడ్ల సంత, శ్మశానం
పిలిచిన వరసలో వచ్చి సర్దుకున్నాయి.
వరద పొర ఒక్కటే రాలేదు.

పొర రాకపోతే ఏమవుతుందో తెలుసా?
ఎర్రదీపం వెలగదు. గంట మోగదు.
నీలం లేని చోట నేల కనిపిస్తుంది, అంతే.
మేరీ నది గట్ల మధ్య బుద్ధిగా పడుకుని ఉంటుంది.
మునిగిన వంతెన మీంచి
ఆరిన గీతలా రోడ్డు సాగిపోతుంది.
తెలియదు అనడం చేతకాని మ్యాప్
ఏమీ లేదు అంటుంది.

ఫోన్. ఎవరో పెద్దాయన.
"మీ మ్యాపులో మా రోడ్డు పొడిగానే ఉందిగా, కారు తీస్తున్నా."
గ్లెనిస్ నా చేతిలోంచి రిసీవర్ లాక్కుంది.
ముప్పై ఒక్కేళ్లు ఈ ఊరిని గొలుసు పట్టి కొలిచిన మనిషి.
"టార్చి వేసి చూడండి.
వంతెన పక్క తెల్లకంబం మీద ఎన్ని అంకెలు కనబడుతున్నాయి?"
చాలాసేపు వాన చప్పుడే వినిపించింది.
"కంబమే కనబడట్లేదు."
"అయితే తాళంచెవి లోపల పెట్టి, టీ కాచుకోండి."

నేను నా తిప్పలు పడుతున్నాను.
క్యాష్ తుడిచాను. బ్రౌజర్ మార్చాను.
సర్వర్ బతికే ఉంది, పింగ్ కొడితే పలుకుతోంది.
సర్టిఫికెట్ గడువు దాటలేదు.
పోయినేడు అక్షాంశం రేఖాంశం తారుమారై
ఊరు ఊరంతా భూగోళం అంచు దాటి పడిపోయింది.
ఈసారి అదీ కాదు.
చిన్న చిన్న చదరాలుగా నీలాన్ని అడుగుతున్నాను,
చదరానికొక జవాబు:
నాలుగువందల నాలుగు. నాలుగువందల నాలుగు.
అడ్రసు తెలియని పోస్టుమాన్
ఉత్తరాలన్నీ తెచ్చి నా బల్ల మీదే పోస్తున్నట్టు.

బ్రిస్బేన్‌లో ట్రెంట్‌ని నిద్ర లేపాను.
"ఏమీ మార్చలేదే," అన్నాడు.
కాసేపాగి, "శుక్రవారం మెషిన్ మార్చాం. విండోస్ తీసి లినక్స్. అంతే," అన్నాడు.
అంతే.

లాగ్ ఫైలు కిందినుంచి పైకి చదువుతూ పోయాను.
దొరికింది. ఒక్క అక్షరం.
తప్పు అక్షరం కూడా కాదు,
ఫోల్డరు పేరులో నిలబడి ఉంది,
నేనడిగిన పేరులో కూర్చుని ఉంది.
పాత మెషిన్ ఆ తేడా పట్టించుకునేది కాదు,
కొత్తది పట్టింపుల మనిషి.

నా వర్ణమాలలో ఈ గొడవ లేదు.
వాక్యం మొదట్లో వచ్చినా అ లేచి నిలబడదు,
దొరగారి పేరులో పడినా ద లావెక్కదు.
అక్షరాలన్నీ ఒకే పంక్తిలో కూర్చుని తినే భాష.
(అక్షరాల సంగతే చెబుతున్నాను. మనుషుల సంగతి వేరు.)
పాతికేళ్ల వయసులో ఇంగ్లీషు ఉత్తరం రాసి
నేను అనే చోట చిన్న అక్షరం పెట్టినందుకు
ఒక ఆఫీసరు ఎర్రసిరాతో నన్ను నిలబెట్టాడు.
ఈ రాత్రి నేనొక అక్షరాన్ని నిలబెడుతున్నాను.

ఒంటిగంటా నలభై.
నీలం ఒక్కో చదరమే వచ్చింది,
తడిగుడ్డ మీద ఇంకు పాకినట్టు.
వంతెన పోయింది. పెద్దాయన రోడ్డు పోయింది.
మా ఊరు మునుగుతుంటే
సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

గ్లెనిస్ లేవలేదు.
ఇరవయ్యారు ఫోన్లకు జవాబు చెబుతూ
కాగితం మ్యాపు మీద నీలం పెన్సిలు రుద్దుతూనే ఉంది.
తెచ్చి తెర పక్కన పెట్టింది.
వంపుకి వంపు సరిపోయింది,
సంత వెనక వాగు దగ్గర తప్ప.
ఆమె కాగితం మీద నీలం, నా తెర మీద నేల.
"ఇది లోడవలేదా, నీళ్లు రాలేదా?" అంది.

ఇప్పుడేం చెప్పను.
ఆ వాగు వీధిలో ఏడిళ్లు.
మొదటి నంబరు నొక్కాను.
మోగుతోంది.