ఎత్తుపీట

హాజరు పట్టీలో నీ పేరు దగ్గర
గుమాస్తా ప్రతిసారీ ఒక క్షణం ఆగేవాడు:
దేరంగుల మద్దిలేటమ్మ.
బేతంచెర్ల బండల మీంచి
కర్నూలు పెద్దాసుపత్రి ఎముకల వార్డుకు నడిచొచ్చిన పేరు.
వెనక ఎవరో నవ్వారు.
నువ్వు తల దించలేదు.
"ఉన్నా సార్" అన్నావు, అంతే.

నాకప్పుడే తెలిసుండాల్సింది.

మొదటి రోజు నేనేమన్నానో
నీకు గుర్తుందో లేదో, నాకుంది.
"ఎముకల పని మొరటు పని తల్లీ.
సుత్తి, రంపం, అర్ధరాత్రి లారీ యాక్సిడెంట్లు.
ప్రసూతి తీసుకో, హాయిగా ఉంటావు."
ఇరవై రెండేళ్ల కిందట ఇదే వరండాలో
ఇదే మాట నాకు చెప్పినాయన ఫోటోకి
ఇప్పుడు సెమినార్ హాల్లో దండ ఉంది.
ఆయన గొంతు నా నోట్లోకి ఎప్పుడొచ్చి చేరిందో
చూసుకోలేదు.

నువ్వు వాదించలేదు. మరుసటి రోజు
ఆరింటికే డ్రెస్సింగ్ ట్రాలీ పక్కన నిలబడ్డావు.

ఆదోని ముసలాయన,
పత్తి యార్డులో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు.
నువ్వు కాలు పట్టుకున్నావు, నేను సుత్తి.
తొడ ఎముక గూట్లోకి రాస్పు దిగుతోంది.
నాలుగు దెబ్బలు, ఐదు,
ఇంకోదానికి చెయ్యి లేపాను.

"చాలు మేడం. పలికింది."

థియేటరంతా ఆగింది.
హౌస్ సర్జన్ నోరు విప్పే చోటు కాదది.
సుత్తి దించి, రాస్పు పట్టి కదిపాను.
కదల్లేదు. ఇంకొక్క దెబ్బ పడుంటే
ఎముక నిలువునా చీలేది.

చేతులు కడుక్కునే చోట అడిగాను.
"మాయమ్మ బండలు కొడ్తాది మేడం.
ఉలి దిగేటప్పుడు మొద్దుగా మోగుతాది,
కుదిరిందంటే పల్కుతాది.
పల్కినాంక ఇంగో దెబ్బేస్తే
ఆ బండ కూలికి గూడ రాదంటాది."
చెప్పి, చెప్పకూడనిది చెప్పినట్టు
గబగబా కుళాయి కట్టేశావు.

మోచేత్తో మళ్లీ తిప్పాను.
మా నాయన దూదేకులాయన,
ఎమ్మిగనూరు సంతలో విల్లు మోత విని
దూదిలో చెమ్మ ఎంతుందో చెప్పేవాడు.
ఈ ఆసుపత్రిలో ఇన్నేళ్లూ
ఆ మోత ఎవరి చెవినా పడనియ్యలేదు.
నీకే చెప్పాను, చేతుల నిండా నురగతో.

ఆ తర్వాత ఆదివారాలన్నీ మనవే.
ఖాదర్‌వలి దాచిపెట్టే పొట్టేలు తొడ ఎముకలు,
అరువు తెచ్చిన డ్రిల్లు,
మా వసారా అంతా తెల్లటి పొడి,
ఎంట్రన్స్ పుస్తకాల మీద నీ నిద్ర.

మొదటిసారి ర్యాంకు రాలేదు.
పదకొండు రోజులు ఫోనెత్తలేదు నువ్వు.
పన్నెండో రోజు బేతంచెర్ల బస్సెక్కాను.
క్వారీ అంచు దిగడానికి మీయమ్మ చెయ్యిచ్చింది.
నావి ఆరున్నర సైజు గ్లౌజులు,
ఆ చేతికి స్టోర్లో ఏ సైజూ లేదు.
"దీన్ని తోడుకోని పో మేడం,
ఈడుంటే నా సుత్తి లాక్కుంటాది."

రెండోసారి వచ్చింది. సీటు ఇక్కడే.

నువ్వు స్వయంగా చేసే తొలి కేసు రోజు
నా ఎత్తుపీట తుడిచి తెచ్చాను.
ఆ టేబుళ్లు మగవాళ్ల నడుముల లెక్కకు నిలబెట్టినవి.
పాత బస్టాండు వడ్రంగితో చేయించుకున్న వేపచెక్క,
ఎన్నిసార్లు రంగేసినా
రెండు పాదాల గుంటలు పోలేదు.
నీకిద్దామని. నాలుగు మంచి మాటలు కూడా
దార్లో కూర్చుకున్నాను.

నువ్వు పీట వంక చూడనేలేదు.
"ఈరన్నా, టేబుల్ రవ్వంత దించు."

ఈరన్న పెడల్ తొక్కాడు.
టేబుల్ దిగింది.
అంతే. అంత సులువు.
ఎదురుగా ఆరడుగుల అసిస్టెంటు
నడుం వంచి సర్దుకున్నాడు.

నేను గోడ పక్కన
పీట వేసుకొని కూర్చున్నా.