బొటనవేలు

శనివారం పొద్దుగూకే యాళకు
షేక్షావలి స్కూటరు ముందర మూట పెట్టుకోని వచ్చినాడు.
తువ్వాల్లో కట్టిన అనపకాయలు, మూడు కిలోలు,
కదిరి పక్క చేన్లల్లోవంట.
"మంచుకు తడిసిన కాయప్పా, వాసన చూడు" అని
ముక్కు కాడికి తెచ్చినాడు.
చూసినాను.
పచ్చిగా, జిడ్డుగా, రొంత నూనె, రొంత మట్టి.
మా అనంతపురానికి చలి కూడా
అప్పు తెచ్చినట్టు నాలుగు వారాలే వస్తాది,
వచ్చిందని ఈ వాసనే చెప్పల్ల.

పాతూరులో మా మిద్దె మీద
చాప పరిచి, పాత పేపర్లు పరిచి
నలుగురం కూర్చున్నాం.
సుంకమ్మ టీచరు మఫ్లరు చుట్టుకోని
చెవుల్లేని మనిషి మాదిరి ఉండాది.
ఏం చెప్పినా "ఆఁ?" అంటాది,
గుసగుసలు మాత్రం అన్నీ వినపడతాయి.

కాయలు ఒలుస్తా ఒలుస్తా
ఎవరి బాకీలు, ఎవరి మోకాళ్లు,
చెనిక్కాయల రేటు, అల్లుడి బండి.
కాయలో నాలుగు గింజలుంటే ఒక కబురు,
పురుగుంటే ఇంగో కబురు.
గంగాద్రి ఏమీ చెప్పలేదు.
జెరాక్స్ అంగడి మూసినప్పటి నుంచి వాడు
మాటలు చిల్లర లెక్కన ఇస్తాండాడు.
మేమూ అడగలేదు.
వాడి ముందర కాయల కుప్ప
రొంత ఎక్కువ పోసినాం, అంతే.

గింజలు నీళ్లల్లో నానేసి
టీచరును ఇంటికాడ దించొచ్చి
మిద్దె రూములో పండుకున్నాం.
ముగ్గురికి రెండు దుప్పట్లు.
రెండు గంటలప్పుడు ఎవరో లాక్కున్నారు,
మూడు గంటలప్పుడు ఎవరో కప్పినారు.
లాగినోడు ఎవరో గురకే చెప్పింది.
కప్పినోడు తెల్లారినా చెప్పలేదు.
దూరంగా గుంతకల్లు పోయే గూడ్సు బండి
ఒక్కో పెట్టే లెక్కపెట్టుకుంటా పోయింది.

ఆదివారం తొమ్మిదైనా
గోడ పక్క ఎండలోంచి ఎవరూ లెయ్యలే.
ఎండ జానెడు జరిగితే మేమూ జానెడు జరిగినాం.
కింద హోటల్లోంచి ఉగ్గాని, బజ్జీ,
పొట్లం మీద నూనె మరక పెద్దదైతా ఉండంగా
టీచరు వచ్చింది,
అదే మఫ్లరు, చేతిలో అల్లం టీ ఫ్లాస్కు.

ఇంగ పితకడం.
నానిన గింజను రెండు వేళ్ల నడమ పెట్టి
రొంత నొక్కితే
పొట్టు చేతిలో, పప్పు గిన్నెలో.
తొలి యాభై గింజలకు మాటలుంటాయి,
రెండు నూర్లు దాటినాక
టుప్పు, టుప్పు,
అదొక్కటే.

గంగాద్రి చేతిలోంచి ఒకటి ఎగిరి
షేక్షావలి కండ్లద్దాలకు తగిలింది.
షేక్షావలి ఏమీ అనలేదు.
అద్దాలు తీసి తుడుచుకోని, మళ్లీ పెట్టుకోని,
గిన్నెలోంచి లావుదొకటి ఏరుకోని
నిదానంగా గురి చూసినాడు.
ఇంగేముంది.
యాభై దాటిన నలుగురు మనుషులు
చాప చుట్టూ ఉరుకులు.
కింద హోటలాయన తలెత్తి
"ఏమప్పా, వడగండ్లా?" అన్నాడు.
గంగాద్రి నవ్వినాడు.
చిల్లర గాదు,
మడత విప్పని పెద్ద నోటు.

మధ్యాన్నం సంగటి ముద్దలో గుంత చేసి
పితికిపప్పు పులుసు పోసుకున్నాం.
బాగుందని ఎవరూ అనలేదు.
గరిటె గిన్నె అడుగును గీకే శబ్దం
రెండుసార్లు వినపడింది.

సోమవారం పదికి
ఆఫీసులో వేలిముద్ర మిషను
నా బొటనవేలు పట్టలేదు.
"మళ్లీ ప్రయత్నించండి" అంది.
చొక్కాకు తుడిచి పెట్టినా,
మళ్లీ అదే మాట.
వెనకాల ఆరుమంది, వాళ్ల వెనక సూపరింటెండెంటు దగ్గు.
వేలు ముక్కు కాడ పెట్టుకుంటి,
ఎవరూ చూడకుండా.
పచ్చిగా, జిడ్డుగా, ఇంగా ఉండాది.

ఎడమ చెయ్యి పెట్టి లోపలికి పోయినాను.
కుడి చెయ్యి మాత్రం
సాయంత్రం దాకా జేబులోనే ఉంచుకున్నా.