కాటా

గుంటూరులో మార్చి అంటే గొంతులో కారం.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
పాఠం ఆగి క్లాసంతా దగ్గుతుంది
ముందు నేను, వెనక నలభై ఇద్దరు.

ఏటుకూరు రోడ్డు పక్క మునిసిపల్ బడి.
నా టీచింగ్ ప్రాక్టీసు పదకొండో రోజు.
అట్టమీద రంగులేసుకెళ్లిన త్రాసు బొమ్మ,
స్కేలు పెట్టి మార్జిన్లు కొట్టిన పాఠ్యపథకం,
చివరి బెంచీలో మా ట్రైనింగ్ కాలేజీ ఎలీషమ్మ మేడం
ఒళ్లో గొడుగు, చేతిలో మూత లేని పెన్ను.

కిలోకి ఎన్ని గ్రాములర్రా?
"వెయ్యీ..." అని పైకప్పు రేకులు కూడా పలికాయి.
అప్పుడు లేచింది మస్తాన్‌బీ.
"మా అమ్మ తొడిమలు తీసిన కాయ
మేం తూస్తే పది కిలోలు,
గుమస్తా కాటాకి తొమ్మిది.
ఏ కిలో నిజం టీచర్?"

నా పథకంలో ఆ ప్రశ్నకి గడి గీయలేదు.
కూర్చో, అది తర్వాత, అన్నాను.
కూర్చుంది.
ఆ గంటలో ఇంకెవరూ
దగ్గడానికి తప్ప నోరు తెరవలేదు.

మేడం ఏమీ అనలేదు.
టీ బండి దగ్గర గ్లాసుని చీరకొంగుతో పట్టుకుని
ఊదుకుంటూ నిలబడింది.
రికార్డులో మాత్రం రెండు ముక్కలు:
"పిల్లని కూర్చోబెట్టావు.
రేపు నువ్వు కూర్చో, కాటాని నిలబెట్టు."

మర్నాడు కూరగాయల పోలయ్యనడిగి
కాటా, రాళ్లు తెచ్చాను, రోజుకి పది రూపాయల అద్దెకి.
సుద్దముక్కల డబ్బా తూచాం, చెప్పులు తూచాం,
అన్నం పళ్లాలు తూచాం.
చివరికి కిలో రాయి మీద కిలో రాయి పెడితే
ఒకటి పైకి లేచింది.
తిరగేసి చూశారు, అడుగున గీకిన గుంట.
పోలయ్య మళ్లీ మాకు కాటా ఇవ్వలేదు.

మూడో రోజు గుమ్మం దగ్గర మస్తాన్‌బీ తల్లి,
చేతుల మంటకి వేళ్లు విడదీసి పట్టుకుని.
పోట్లాటకేమో అనుకున్నా.
"ముల్లు చూడ్డం నాక్కూడా చూపించమ్మా" అంది.
కూలేమీ పెరగలేదు, అబద్ధమెందుకు.
గుమస్తా రాసేలోపే
అంకె గట్టిగా చదువుతోందట, అంతే.
ఆమె వెనక వరసలో కూడా ఇప్పుడు చదువుతున్నారట.

ఇన్నేళ్లకి మొన్న కాలేజీకి వెళ్లాను.
ఎలీషమ్మ మేడం రిటైరైన కుర్చీలో
ఇంకా ఎవరూ కూర్చోలేదు.
సైకాలజీ ల్యాబులో పావురాలు.
పాఠ్యపథకాలు అరండల్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి,
పేరు రాసుకోడానికి మాత్రం ఖాళీ వదిలారు.
రాకపోయినా హాజరు పడుతుంది, దానికో రేటు.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పట్టుకుని నిలబడ్డాం,
పద్నాలుగు మందిమి. టోకెను డెబ్భై ఆరు.
"పంతుళ్లకి మళ్లీ పంతుళ్లెందుకమ్మా,
పుస్తకంలో ఉన్నది చెప్పడమేగా?"
లెక్కలూ శాతాలూ తెచ్చుకోలేదు నేను.
పోలయ్య రాయి సంగతి చెప్పాను.
ఆయన నవ్వి, గడియారం చూసి,
రసీదు ఇప్పించాడు.
దాచాను. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాం.

ఎన్నికల డ్యూటీ తిరిగి తిరిగి
ఆ బడికే పడింది నాకు.
అదే గది. నల్లబల్ల మీద ఎవరిదో సగం కూడిక.
సిరా పుల్ల పట్టుకుని వేళ్లు చూస్తున్నాను, మొహాలు కాదు.
ఒక వేలు ముందుకి రాలేదు.
"టీచర్, వీటిని లెక్కపెట్టేటప్పుడు
పక్కన ఎవరు నిలబడి చూస్తారు?"

పందొమ్మిదేళ్ల మస్తాన్‌బీ.

క్యూలో ఎవరో విసుక్కున్నారు, ఎండ, త్వరగా కానీండని.
ఏజెంట్లెవరో, సీలెవరు వేస్తారో, సంతకాలెక్కడుంటాయో
తెలిసినంత చెప్పాను.
తెలియనిది అడిగి చెప్తానన్నాను.
అప్పుడు చాచింది వేలు.