ఏమీ చేయని జంతువు

కురిచీబాలో జులై అంటే
నోటి ముందు ఎవరి పొగ వాళ్లదే.
ఆదివారం, పొద్దున్న ఏడున్నర.
బరిగ్వీ పార్కులో చెరువు ఇంకా లేవలేదు,
పొగమంచు మొహం మీదికి లాక్కుని పడుకుంది.
నేను, జుసారా, వాళ్లబ్బాయి కైకీ,
ఒక ఫ్లాస్కు కాఫీ,
నా కోటు జేబులో ఉడికించిన పైన్ గింజలు,
నడుస్తుంటే తొడకి వెచ్చగా తగులుతూ.

వారంలో ఆరు రోజులు నేను బస్టాపులో ఉంటాను.
మా ఊళ్లో బస్టాపంటే గాజు గొట్టం.
ఓ చివర గిర్రున తిరిగే ఇనుప గేటు,
పక్కన ఎత్తు స్టూలు,
దాని మీద నేను, నా చిల్లర.
ఊరంతా నన్ను అద్దంలోంచి చూస్తూ పోతుంది.
చూస్తుందనే అనుకుంటాను.
ఒకసారి ఓ పిల్లాడు బయటినుంచి ముక్కు ఆనించి
వేలితో టకటకా కొట్టాడు, కదుల్తానేమోనని.
కదిలాను.
వాడికి అది చాలు, వెళ్లిపోయాడు.

అందుకే సెలవు రోజున
నేనూ ఎవర్నో ఒకర్ని చూడాలనుకుంటాను.

కైకీకి మొసలి కావాలి.
ఈ చెరువులో ఒకటుందని బళ్లో ఎవరో చెప్పారట.
ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు దాని పొడవు రెండు మీటర్లు,
బస్సు దిగేసరికి నాలుగు.

గట్టు మీద మాత్రం కాపీబారాలు.
పదకొండు.
జుసారా లెక్కకి పన్నెండు,
ఒకటి రాయని తర్వాత ఒప్పుకుంది.
ఎలుక కాబోయి, పంది కాబోయి,
మధ్యలో విసుగొచ్చి ఆగిపోయిన ఒళ్లు.
కొబ్బరిపీచు జుట్టు. రిటైరైన గుమాస్తా మొహం.
ఒకదాని వీపు మీద పసుపు పొట్ట పిట్ట
పురుగులు ఏరుకుంటూ పోతోంది,
టికెట్టు తీసుకోకుండా.

"ఇవేం చేస్తాయి?" అన్నాడు కైకీ.
చూశాం.
ఒకటి నమిలింది.
ఇంకోటి నమలడం ఆపింది.
"అంతేనా?"
పక్కన బోర్డుంది:
పిడుదులుంటాయి, గడ్డిలో కూర్చోకండి.
ఇవేం చేస్తాయో బోర్డు కూడా చెప్పలేదు.

వచ్చే మార్చి నుంచి నా స్టూలు చోట
కార్డులు గీకే పెట్టె పెడతారట.
కాగితం శుక్రవారం వచ్చింది.
అదీ ఈ జేబులోనే, గింజల కింద.
జుసారాకి చూపిద్దామని తెచ్చాను.
తనది మూడు స్టాపుల అవతలి గొట్టం.
తన జేబులోనూ చెయ్యి పెట్టుకునే నడుస్తోంది
పొద్దుట్నుంచీ.

"ఏమాలోచిస్తున్నావు నెయూజా?"
"మొసలి గురించి."
"నేనూ అంతే."

ఆ రోజు చెప్పుకోదగ్గ పని చేసింది ఒక్క తీతువే.
గడ్డిలో ఎక్కడో గుడ్లు,
పిడికెడు ఒళ్లు, పోలీసు ఈలంత గొంతు.
పరుగు తీస్తున్న ఓ పెద్దమనిషిని,
ఎర్ర టోపీ, ఖరీదైన బూట్లు,
తారు రోడ్డు దాకా తరిమింది.
టోపీ పడిపోయింది.
తీసుకుందామని వచ్చాడు. మళ్లీ తరిమింది.
మూడోసారి టోపీకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.
కైకీ కడుపు పట్టుకుని కూలబడ్డాడు, పిడుదుల సంగతి మర్చిపోయి.
జుసారా నవ్వితే కాఫీ ముక్కులోకి వెళ్లింది.

గింజలు ఒలుచుకున్నాం. వేళ్లు గోధుమరంగయ్యాయి.
జేబులో కాగితం తడిసి మెత్తబడింది,
దాన్ని బయటికి తియ్యలేదు.

అప్పుడు ఎవరో పిలిచినట్టు
పదకొండూ నీళ్లలోకి జారాయి.
తొందర లేదు, చప్పుడు లేదు.
పైన చెవులు, కళ్లు, ముక్కు.
మిగిలిన బరువంతా చెరువుదే.

"మొసలి!" అని అరిచాడు కైకీ.
"అందుకే దిగాయి! తోక చూశాను!"
మొసలి ఉంటే ఎక్కాలి గాని దిగుతాయా?
మేమిద్దరం అడగలేదు.
"ఎంత పొడవు?" అన్నాను.
చేతులు బారచాపాడు. చాల్లేదు.
నన్ను ఆ చివర నించోమన్నాడు, నించున్నాను.
ఇంకా చాల్లేదు.
వాళ్లమ్మని ఇంకా అవతలికి, గడ్డిలోకి పొమ్మన్నాడు.
"ఇంకా, ఇంకా" అంటున్నాడు.
జుసారా వెనక్కి వెనక్కి నడుస్తోంది,
రెండు చేతులూ జేబుల్లోంచి తీసి, గాల్లోకెత్తి.

టోపీ పక్కన తీతువు
తల తిప్పి చూసింది.